గుడ్డు లారీలో.. అన్నం కంచంలో

*నడివయసు పొట్టకు ప్రొటీనే మందని ఇప్పుడు ఊరంతా అంటోంది. గుడ్లు, చేపలు, రొయ్యలు లారీల కొద్దీ ఎగుమతి చేసే గోదావరి డెల్టాలో ఆ ప్రొటీన్ కోసం డబ్బాలు కొంటున్నారు. కొంటున్నా బరువు ఎందుకు తగ్గడం లేదు?*

మధ్యాహ్నం రెండున్నర. అనపర్తి దాటి బిక్కవోలు వైపు వెళ్లే దారిలో ఓ కోళ్ల ఫారం. గేటు లోపల లారీ, లారీ వెనక మనుషుల వరస. ముప్పయ్యేసి గుడ్ల ట్రేలు చేతులు మారుతూ పైకి వెళ్తున్నాయి. బండి ఒడిశా మీదుగా బెంగాల్ వెళ్లాలి. లెక్క రాసుకునే గుమాస్తా గారికి యాభై దాటి ఉంటాయి. కాళ్లూ చేతులూ సన్నం, చొక్కా గుండీల దగ్గర మాత్రం బిగుతు. లోడింగు సగంలో ఉండగా వేపచెట్టు కింద కూర్చుని క్యారేజీ విప్పారు. నాలుగు గిన్నెలు. రెండింటి నిండా అన్నం, ఒకదాంట్లో దొండకాయ వేపుడు, ఇంకోదాంట్లో పెరుగు. పప్పుచారు విడిగా సీసాలో.

“గుడ్డు పెట్టుకోరాండీ?” అని అడిగితే నవ్వారు. “పొద్దున లేత్తే వీటి మొహమే కదండీ చూసేది, మళ్లీ తినడం కూడానా?” భోజనానికి ముందు షుగరు మాత్ర వేసుకుంటూ ఇంకో మాట చెప్పారు. డాక్టరు గారు ప్రొటీన్ పెంచమన్నారట. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు పెద్ద డబ్బా కొని పంపాడట. “రోజూ రాత్రి పాలల్లో కలుపుకుని తాగేత్తన్నానండి, ఆయ్.” అన్నం తగ్గించారా అంటే మాత్రం సమాధానం రాలేదు. రెండో గిన్నె మూత తీశారు.

గోదావరి జిల్లాల్లో ప్రొటీన్ మోజు కథ అంతా ఆ వేపచెట్టు కిందే ఉంది.

వడ్డించడమే తప్ప తీయడం తెలియని నేల

తెలుగువాళ్లకు ఆహార నియమాల గాలి కొత్త కాదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే మానమంటే మానిన ఇళ్లున్నాయి. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి విధానం ఊపేసింది. కొబ్బరినూనె, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు, అన్నం మాత్రం సున్నా. ఆయన సభ ఎక్కడ పెట్టినా హాళ్లు చాలేవి కావు. కొబ్బరికి పుట్టిల్లయిన కోనసీమలో ఆ నూనె గ్లాసుతో తాగడాన్ని వింతగా చూసినవాళ్లూ, పోటీపడి తాగినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత మైసూరు నుంచి ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు వచ్చాయి. కొర్రలు, అరికెలు, అండుకొర్రలు అనే పేర్లు మళ్లీ నోళ్లలో నానాయి. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ మూడింటికీ పోలిక ఒకటుంది. మూడూ ఏదో ఒకటి మానమన్నాయి. ఉప్పో, అన్నమో, బియ్యమో. డెల్టాలో ఏ నియమమూ ఏడాది నిలవకపోవడానికి కారణం అక్కడే ఉందనిపిస్తుంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఎవరొచ్చినా లేదనకుండా అన్నం పెట్టిన నేల ఇది. ఇక్కడ మర్యాద అంటే వడ్డన. సంక్రాంతికి కొత్త అల్లుడు గారి ముందు వందల రకాలు పేర్చి ఫొటో తీసి దేశమంతా పంపే ఊళ్లు భీమవరం, నరసాపురం చుట్టుపక్కలవే. అలాంటి చోట “తినొద్దు” అనే మాట ఇంట్లో పెద్దావిడ చెవికి ఎక్కదు.

ప్రొటీన్ గాలి మాత్రం వేరు. అది “తినండి” అంటుంది. గుడ్లు తినండి, చికెన్ తినండి, పనీర్ తినండి, పొడి కలుపుకోండి అంటుంది. ఇంతకన్నా గోదావరి మనసుకు నచ్చే వైద్యం ఉంటుందా? అందుకే ఇంత తేలిగ్గా ఇంట్లోకి వచ్చేసింది. వచ్చి, ఉన్న అన్నం పక్కన ఇంకో వరస పెట్టించుకుంది. రాజమహేంద్రవరం గోదావరి గట్టు మీద పొద్దున్నే నడిచి, ఉడకబెట్టిన గుడ్లు రెండు తిని, ఇంటికి వెళ్లే దారిలో ఉప్మా పెసరట్టు కూడా కానిచ్చే పెద్దమనుషులకు తూకం యంత్రం మీద ముల్లు కదలదంటే తప్పు గుడ్డుది కాదు.

వంగే పని పోయింది, వండే కొలత ఉంది

అన్నం మీద ఈ ప్రేమకు చరిత్ర ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ డెల్టాను వరి గంపగా మార్చింది. సార్వా, దాళ్వా అంటూ రెండు పంటలు. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029, అదే మన స్వర్ణ, బెంగాల్, ఒడిశాల దాకా పాకింది. ఆ కేంద్రమే తర్వాత ఇంకో రకానికి కాటన్ దొర సన్నాలని పేరు పెట్టింది. ఆనకట్ట కట్టిన దొర పేరు బియ్యపు బస్తా మీదికి ఎక్కిందన్నమాట.

ఆ రోజుల్లో మూడు పూటలా అన్నం తిన్న ఒళ్లు ఊడ్పులకు వంగేది, కోతకు వంగేది, కుప్ప నూర్చేది, బస్తా భుజానికెత్తి గట్టు దాటేది. తిన్నది సాయంత్రానికి చెమటయ్యేది. ఇప్పుడు హార్వెస్టర్ వచ్చి ఎకరం చేను గంటన్నరలో కోసి పోతోంది. రైతు గట్టు మీద మోటార్ సైకిల్ ఆపి చూస్తాడు. రొయ్యల చెరువు తవ్వినవాడికి ఏరేటర్ స్విచ్ వేయడమే పని. పని మారినా ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసు మారలేదు.

దాని ఫలితం ఇరవై ఏళ్ల క్రితమే లెక్కల్లోకి వచ్చింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో బైర్రాజు ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్, కేర్ ఫౌండేషన్ వంటి సంస్థలు కలిసి ‘ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్’ పేరిట ఇల్లిల్లూ తిరిగాయి. ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకు కారణాలు అడిగి రాసుకున్నాయి. పల్లెల్లో జనం జ్వరాలతో, విరేచనాలతో పోతారని అప్పటిదాకా అందరి నమ్మకం. తీరా చూస్తే 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటువ్యాధుల వాటా 12 శాతమే. అదే ప్రాంతంలో ముప్పై ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే నూటికి 13 మందికి మధుమేహం బయటపడింది. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యేనాటికి ఈ ఊళ్లలో పిజ్జా కొట్టు లేదు. అది అన్నమూ కాఫీల్లో పంచదారా కదలని కాళ్లూ కలిసి చేసిన పని.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం, మగవాళ్లలో 31 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు.

> శవపేటికల షావుకారు మొదటి డైట్ గురువు
>
> రొట్టె, చక్కెర తగ్గించి మాంసం, చేపలు తింటే ఒళ్లు తగ్గుతుందని జనబాహుళ్యంలోకి తెచ్చినవాడు వైద్యుడు కాదు. లండన్‌లో రాచకుటుంబానికి అంత్యక్రియల ఏర్పాట్లు చూసే విలియం బాంటింగ్. తన బూట్ల తాడు తాను కట్టుకోలేనంత లావెక్కి, మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడట. చెవుడని వెళ్తే విలియం హార్వే అనే వైద్యుడు ఈ పథ్యం పెట్టాడు. దాదాపు 20 కిలోలు తగ్గి, 1863లో సొంత ఖర్చుతో చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. చాలాకాలం ఇంగ్లిష్‌లో ‘బాంటింగ్ చేస్తున్నా’ అంటే డైటింగ్ చేస్తున్నానని అర్థం.

వయసు మీద వేసిన నింద

“నలభై దాటాక అరుగుదల తగ్గుతుందండీ, ఏం తిన్నా ఒంటికి పట్టేస్తుంది” అనే మాట మన దగ్గర అందరికీ నోటికి వచ్చు. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన ఓ పెద్ద అధ్యయనం ఆ మాటకు ఆధారం లేదని తేల్చింది. 29 దేశాల్లో, పసికందుల నుంచి 95 ఏళ్ల పెద్దల దాకా 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చును కొలిచారు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఆ ఖర్చు ఇంచుమించు నిలకడగానే ఉంది. తగ్గుదల 60 తర్వాతే మొదలవుతోంది.

మరి నడివయసులో పొట్ట ఎందుకొస్తుంది? మెల్లగా జారిపోయేది కండ. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గవచ్చని అంచనా. వాడని కండ ఇంకా తొందరగా పోతుంది. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా ఇముడ్చుకునేది కండే కాబట్టి, అది తగ్గితే మిగిలింది కొవ్వుగా, షుగరుగా తేలుతుంది. ఆడవాళ్లకు ముట్లు ఆగే రోజుల్లో తొడల దగ్గర ఉండే కొవ్వు నడుం చుట్టూ చేరుతుంది. దీనికి తోడు మన ఒళ్ల నిర్మాణం వేరు. సన్నగా కనిపించే భారతీయుల ఒంట్లో అదే బరువున్న తెల్లవారి కన్నా కొవ్వు ఎక్కువని పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్ల తరబడి చెబుతున్నారు. బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అనే మరో వైద్యుడితో కలిసి ఆయన 2004లో లాన్సెట్‌లో వేసిన ఫొటో ప్రసిద్ధం. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు బరువు లెక్క) ఒకటే, ఇద్దరి ఒంట్లో కొవ్వు మాత్రం ఒకరిది రెండింతలు. ఎక్కువున్నది మనవాడికే. వేపచెట్టు కింద కూర్చున్న గుమాస్తా గారిలాంటి సన్నకాళ్ల పొట్ట మనుషులు డెల్టాలో ఏ బస్టాండులోనైనా కనిపిస్తారు. అందుకే మనకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అన్నారు. తూకం లేకపోతే టేపు చాలు. నడుం మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు.

ప్రొటీన్ అవసరం ఇక్కడ వస్తుంది. బరువు తగ్గాలని ఊరికే కడుపు మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండా పోతుంది. ప్రొటీన్ సరిపడా తింటూ, కండకు పని చెబుతూ తిండి తగ్గిస్తే పోయేది ఎక్కువగా కొవ్వు. పైగా గుడ్డో చేపో తిన్నాక కడుపు నిండిన భావన ఎక్కువసేపు ఉంటుంది. నాలుగింటికి మిరపకాయ బజ్జీల బండి దగ్గర కాలు ఆగదు.

కంచంలో ఒక చిన్న మార్పిడి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి 50 గ్రాములు. బరువు తగ్గే ప్రయత్నంలో ఉండి కిడ్నీలు బాగున్నవాళ్లకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా సూచించే వైద్యులు ఎక్కువమంది. ఇదేమీ కొండంత లెక్క కాదు.

మధ్యాహ్నం భోజనానికి ఒక మనిషికి 150 గ్రాముల బియ్యం వండుతారనుకుందాం. డెల్టాలో అది ఎక్కువేమీ కాదు. అందులో 520 కేలరీలు, పదకొండు గ్రాములకు అటూ ఇటూ ప్రొటీన్. బియ్యాన్ని సగానికి సగం చేస్తే 260 కేలరీలు తగ్గుతాయి. ఆ ఖాళీలో వంద గ్రాముల రొయ్యలు పడితే ఇరవై గ్రాముల ప్రొటీన్ వస్తుంది, వంద కేలరీలు మించవు. రెండు గుడ్లయితే 150 కేలరీలు, 13 గ్రాములు. అన్నం తగ్గిన ఖాళీలోనే గుడ్డు పడాలి. అన్నం అలాగే ఉంచి గుడ్డు వేసుకుంటే 150 కేలరీలు కొత్తగా నెత్తిన పడ్డట్టే. రొయ్యల్ని వేపుడు చేసి గరిటెడు నూనె పోస్తే కూడా లెక్క తిరగబడుతుంది. చింతచిగురు రొయ్యలో, చేపల పులుసో నయం. అయితే పులుసు బాగుందని ఇంకో రెండు ముద్దలు అన్నం కలిపించుకునే ప్రమాదం పులుసులోనే ఎక్కువ. అది ఒప్పుకోవాలి.

మద్రాసు డయాబెటిస్ పరిశోధకులతో కలిసి ఐసీఎంఆర్ దేశమంతటా చేసిన అధ్యయనం 2025లో వెలువడింది. మన తిండిలో 62 శాతం కేలరీలు పిండి పదార్థాలవేనని తేలింది. వాటిలో కేవలం 5 శాతం కేలరీల మేర తీసి పప్పులు, పాల ప్రొటీన్‌తో మార్చుకున్నా మధుమేహం ముప్పు తగ్గే అవకాశం ఉందని అది చెబుతోంది. బియ్యం బదులు గోధుమ రొట్టెకు మారితే పెద్ద తేడా లేదని కూడా. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తిని నిశ్చింతగా పడుకునేవారు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

> మన సంతలోనే దొరికేవి (100 గ్రాములకు, సుమారుగా)
>
> రొయ్యలు: 20 గ్రాముల ప్రొటీన్. శీలావతి, బొచ్చె వంటి చెరువు చేపలు: 17 నుంచి 19. చికెన్: 22 పైన. పెసలు, కందిపప్పు, ఉలవలు (ఎండువి): 22 నుంచి 24. మీల్ మేకర్ (ఎండువి): 50 పైన. పల్లీలు: 24, కానీ కేలరీలు 550కి దగ్గర. పెరుగు: 3. కోడిగుడ్డు ఒకటి: 6 నుంచి 7.

తోక ముక్క ఎవరికి?

ప్రొటీన్ గురించి మాట్లాడే వీడియోల్లో ఎక్కడా రాని సంగతి ఒకటుంది. కిలో శీలావతి కోసి పులుసు పెడితే ముక్కలు ఎవరికి ఏవి వెళ్తాయో ఏ ఇంట్లోనైనా చూడండి. నడి ముక్కలు రెండు ఇంటాయన కంచంలోకి, ఒకటి కాలేజీ నుంచి వచ్చే అబ్బాయికని మూత కింద, ఒకటి అత్తగారికి ముళ్లు తీసి. వండినావిడ రెండున్నరకు కూర్చునేసరికి గిన్నెలో తోక ముక్క, పులుసు. ఆ పులుసు పారబోయలేక ఇంకాస్త అన్నం. మిగిలిన మాడు, పిల్లలు వదిలేసిన పెరుగన్నం కూడా ఆవిడకే. “పారేత్తామా ఏంటండీ?” అంటుంది. ఇంట్లో అందరికన్నా తక్కువ ప్రొటీన్, ఎక్కువ అన్నం తినేది ఆవిడే.

నలభై అయిదు దాటిన ఆడవాళ్లలో మోకాళ్ల నొప్పులు, పొట్ట, షుగరు ఒకదాని వెనక ఒకటి రావడాన్ని “తిని కూర్చోవడం” అని ఎగతాళి చేసేవాళ్లు ఈ గిన్నె అడుగు చూడలేదు. ఆవిడకు డైట్ చార్టు కన్నా ముందు ఒక నడి ముక్క కావాలి. వండగానే తన వాటా విడిగా తీసి పెట్టుకోవడం తప్పేమీ కాదు. బడి పిల్లలకు మధ్యాహ్న భోజనంలో గుడ్డు లెక్కపెట్టి పెడుతున్నాం కదా, ఇంట్లో వంటావిడకు మాత్రం ఎవరూ లెక్క పెట్టరు.

డబ్బా పొడి, సూది మందు

ఇక డబ్బాల సంగతి. 2024లో మన దేశంలో అమ్ముడయ్యే 36 రకాల ప్రొటీన్ పొడుల్ని పరిశోధకులు పరీక్ష చేయిస్తే, వాటిలో దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్క సరిగ్గా లేదు. కొన్నిట్లో రాసిన దాంట్లో సగమే ఉంది. 14 శాతం నమూనాల్లో బూజు విషాలు కనిపించాయి. అదే ఏడాది జాతీయ పోషకాహార సంస్థ తన కొత్త మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడులు వద్దని చెప్పేసింది. నోరు కదలని ముసలివారికో, జబ్బు పడి లేచినవారికో వైద్యుడు రాస్తే వేరు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, అందులోనూ ఎక్కువ ఫారాలున్న ప్రాంతాల్లో మనది ఒకటి. మనకు డబ్బా ఎందుకు?

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పదేళ్లుగా షుగరో బీపీయో ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారికి ఎక్కువ ప్రొటీన్ మేలు కన్నా కీడే చేస్తుంది. ఊళ్లో ఎవరో పది కిలోలు తగ్గారని వాళ్ల చార్టు ఫోన్లో తెప్పించుకుని మొదలుపెట్టడం ఇక్కడే ప్రమాదం.

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే సూది మందులు మన దేశంలోకి వచ్చాక రాజమహేంద్రవరం, భీమవరంలలో కూడా వారానికో సూది గురించి అడిగేవాళ్లు పెరిగారు. ఆకలి తగ్గించడంలో అవి గట్టివే. కానీ తగ్గిన బరువులో పావు వంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కాని భాగం, అంటే కండ వగైరా ఉండవచ్చని అధ్యయనాలు చెబుతున్నాయి. సూది వేసుకునేవాడు తినే ఆ రెండు ముద్దల్లో ప్రొటీన్ ఉండటం మిగతావాళ్ల కన్నా ఎక్కువ అవసరం. వారానికి రెండు రోజులైనా కండకు బరువు తగలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. జిమ్ అక్కర్లేదు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిహేనుసార్లు లేచి కూర్చుంటే నడివయసు తొడలకు తమ పరిస్థితి తెలిసిపోతుంది.

రొయ్య ఇంటికొచ్చిన వేళ

2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి ఎక్కినప్పుడు భీమవరం, ఉండి, ఆకివీడు రొయ్యల చెరువుల గట్ల మీద దిగులు పరుచుకుంది. అప్పుడే రాష్ట్రంలో ఒక పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఇంత పండించే మనం ఎంత తింటున్నాం? అంతకుముందు ప్రభుత్వం ‘ఫిష్ ఆంధ్ర’ పేరుతో దుకాణాలు పెట్టించినా, మన చేప ఎక్కువగా ఐసు పెట్టెల్లో పై రాష్ట్రాలకే వెళ్తోంది. యానాం వైపు చలికాలం మొదట్లో చీరమీను దొరికే నాలుగు రోజులు, వానాకాలంలో పులస వచ్చే రోజులు మాత్రం వేలం పాట పాడుకుని కొంటాం. పండగ చేప మీద ఉన్న మోజులో పావు వంతు మామూలు మంగళవారం శీలావతి మీద ఉంటే చాలు.

శాకాహారులు, కార్తీకంలో నెలంతా నీసు ముట్టనివారు ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు పెసరట్టు ఉంది, ఉప్మా లేకుండా. అరవై గ్రాముల పెసలు నానబోసి రుబ్బితే 14 గ్రాముల ప్రొటీన్. పాలకొల్లు దిబ్బరొట్టెలో రవ్వ పాలు తగ్గించి మినప్పిండి పాలు పెంచితే అదీ పనికొస్తుంది. చారులా పారే పప్పు కాకుండా ముద్దపప్పు, ఉడికించిన ఉలవలు గుగ్గిళ్లు, గట్టి పెరుగు. కార్తీక వనభోజనాల్లో ఉసిరి చెట్టు కింద బంతి వేసి కూర్చున్నప్పుడు వీటిలో చాలామటుకు ఆకులో ఉంటాయి. పక్కనే పులిహోర, చక్రపొంగలి, పూర్ణం బూరె కూడా ఉంటాయి. రెండో బూరె దగ్గర ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వడ్డించే వదిన గారు ఊరుకోరు. “ప్రొటీనేనండి, లోపల శనగపప్పే కదా” అంటారు.